మీసం తీసి చూసిన సముద్రం

మొయినాబాద్ చౌరస్తాలో బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి చూస్తే పటేలు నవ్వుతూ కనిపించాడు. ఫ్లెక్సీ మీద. చుట్టూ అంచు పొడుగునా నాయకుల బొమ్మలు, ఒక్కొక్కటీ పోయిన మనిషి తలకాయ కన్నా పెద్దది. కింద ఎర్రటి అక్షరాలతో 'అశ్రునివాళి'. ఆ ఫొటో తీసింది నేనే. నా జన్మలో తల తెగకుండా తీసిన ఫొటో అదొక్కటే కాబట్టి ఎక్కడున్నా గుర్తుపడతాను. కాకపోతే ఆ మీసం ఆయనది కాదు. పటేలు మీసం దట్టంగా కిందికి వాలి ఉండేది. ఫ్లెక్సీలో ఉన్నదాని కొసలు పైకి లేచి ఉన్నాయి. ఎవరిదో తెచ్చి అతికించారు.

"పెద్దమనిషి. మీసం జూడు ఎట్లున్నదో" అన్నాడు నా పక్కన కూర్చున్నాయన.

ఆ ఫొటో తీసిననాడు అక్కడ మీసమే లేదని చెప్పాలంటే సముద్రం దగ్గర మొదలుపెట్టాలి. బస్సు చేవెళ్ల చేరేలోపు అయ్యే కథ కాదు. తల ఊపి ఊరుకున్నాను.

చేవెళ్లలో నాది విత్తనాలు, పురుగుమందుల దుకాణం. పటేలుది సురంగల్. టమాట, గోబీ, క్యారెట్ పండించే పెద్ద కమతం. ఒకసారి సర్పంచుకు నిలబడి ఓడిపోయాడు. ఊళ్లో తగవులు మాత్రం గెలిచినాయన్ని దాటుకుని ఈయన గడపకే వచ్చేవి. నేను 'పటేలా' అనేవాణ్ని, ఆయన 'సేటూ' అనేవాడు. మా అసలు పేర్లతో పని బ్యాంకు వాళ్లకే. దుకాణంలో కుర్చీ వేస్తే దాన్ని పక్కకు జరిపి యూరియా బస్తా మీద కూర్చునేవాడు. మాట మొదలుపెట్టే ముందు బొటనవేలితో మీసం ఒకసారి నిమిరేవాడు. నిమరకుండా అన్న మాటను మేమెవరం లెక్కలోకి తీసుకునేవాళ్లం కాదు.

ఆయనకు ఉన్న ఒకే ఒక వ్యసనం చూడటం. రోడ్డు పక్కన జేసీబీ తవ్వుతుంటే బండి ఆపాల్సిందే. ఎవరి పొలంలో బోరు వేసినా ఆ గొట్టంలోకి సెల్లు లైటు వేసి వంగాల్సిందే. పెళ్లికి పోతే పెళ్లికొడుకు కంటే ముందు వంటల దగ్గరికి పోయి గుండిగల మూతలు ఎత్తేవాడు. ఎవరైనా ఏందంటే "జర చూస్తే ఏంబోతది?" అనేవాడు. కొండకల్ దగ్గర రైలు డబ్బాలు తయారుచేసే ఫ్యాక్టరీ వచ్చినప్పుడు నన్ను వెంటేసుకుని అక్కడికీ పోయాడు. గేటు దగ్గర ఏం పని మీద వచ్చారని అడిగితే "పనేం లేదు, చూడనీకి వచ్చినం" అన్నాడు. ఆ గేటు దగ్గర అంత నిజం ఇంకెవరూ చెప్పి ఉండరు. నేను అప్పటికే బండి వెనక్కి తిప్పి స్టార్ట్ చేసి పెట్టాను. నా ధైర్యం అటువంటిది.

అలాంటి మనిషికి కళ్లలో నీటికాసులు వచ్చాయి. దవాఖాన నుంచి తిన్నగా దుకాణానికి వచ్చి బస్తా మీద కూర్చున్నాడు.

"ఎడమది పోయిందట సేటూ, నాకే ఎరుక లేదు. కుడిదానికి పక్కలు పోతున్నయి. నడిమ ఒక్క గొట్టం లెక్క మిగిలింది. చుక్కలు ఏసుకుంటె జర నిదానంగ పోతదట. పోయింది మాత్రం మల్ల రాదట."

"ఫికర్ చెయ్యకు పటేలా" అన్నాను. అంతకన్నా పనికిమాలిన మాట అప్పటికప్పుడు దొరకలేదు.

ఆయన మీసం నిమిరాడు. "ఫికర్ గాదు. ఒక్కటి చూడాలె. చిన్నప్పుడు బాపు వీపుకు బెండు కట్టి మా బాయిల నూకిండు. అప్పటిసంది మునుగుతనే ఉన్న. బకెట్ వడ్డా, మోటరు వాల్వు ఊడినా, ఎవలదన్న ముక్కుపుడక వడ్డా నన్నే పిలుస్తరు. అన్ని బాయిలల్ల అడుగుకు పోయొచ్చిన. ఒక్కనాడు ఏం కనవడలే. అంత బురద. చేతులతోనే చూసిన. నీళ్ల కింద ఏముంటదో ఒక్కపారి కండ్లతో చూడాలె, గీ గొట్టం మూసుకోకముందు."

ఇక్కడ నా సంగతి చెప్పాలి. దుకాణంలో గిరాకీ లేని మధ్యాహ్నాలు ఫోన్లో యాత్రల వీడియోలు చూడటం నా పని. ప్యాకేజీ లేకుండా, గైడు లేకుండా, తక్కువ ఖర్చులో ఎక్కడెక్కడికి ఎట్లా పోవాలో నాకు కంఠతా వచ్చు. చూడటమే తప్ప పోయింది లేదు. శంషాబాద్ విమానాశ్రయానికి ఒకర్ని దింపడానికి వెళ్లి దారి తప్పి షాబాద్‌లో తేలిన మనిషిని. అయినా ఆ మాట వినగానే నాలో ఉన్న నిపుణుడు లేచి నిలబడ్డాడు. అండమాన్‌లో ఒక చిన్న దీవి ఉందని, దాని ఒంపులో సముద్రం అద్దంలా ఉంటుందని, నడుము లోతు నీళ్లలో ముఖం పెట్టి మూతికి గొట్టం తగిలించుకుంటే కింద తోటంతా కనిపిస్తుందని, ప్యాకేజీ వాళ్ల వెంట గొర్రెల మందలా పోకుండా మనమే పోయి చూసి రావచ్చని గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

"నీకు ఈతొస్తదా సేటూ?" అన్నాడు పటేలు.

"ఈత అక్కర్లేదు పటేలా, తేలుతూ ఉంటే చాలు" అన్నాను. ఒడ్డున కూర్చున్నవాడు ఎన్నైనా చెబుతాడు.

ఇంట్లో మా ఆవిడ మాత్రం నన్ను ఒక్క మాటలో తేల్చేసింది. "మిద్దె మీద నీళ్ల ట్యాంకు నిండిందో లేదో చూడనీకి నిచ్చెన ఎక్కడు, సముద్రం చూపిస్తడట పటేలుకు!"

ముక్కును కూడా కలిపి మూసే నీళ్ల అద్దాలు, గొట్టాలు ఫోన్లోనే తెప్పించాను. దుకాణంలో తలుపు దగ్గరగా వేసి, వాటిని ముఖానికి పెట్టుకుని చూసుకుంటుంటే ఒక రైతు లోపలికి వచ్చాడు. అదిరిపోతాడనుకున్నాను. ఆయన నింపాదిగా నా చుట్టూ తిరిగి చూసి, "మందు కొట్టేటప్పుడు పెట్టుకునేదా సేటూ ఇది? మంచిగున్నది. ఎన్ని దెచ్చినవ్?" అన్నాడు. నాలోని వ్యాపారి ఒక్క క్షణం తడబడ్డ మాట నిజం. పటేలును కూడా ఒకసారి పెట్టుకుని చూడమంటే "ఈతొచ్చినోనికి రియాజు ఎందుకు" అని సంచీలో పడేశాడు. డాక్టరును అడిగితే లోతుకు మునగొద్దు, పైపైన చూసుకో అన్నాడట. బావుల్లో అడుగు ముట్టి వచ్చే మనిషికి ఆ ఒక్క షరతూ చేదుగా ఉంది.

ప్రయాణంలో ఖర్చు తగ్గించడానికి నేను చేసిన ఏర్పాట్లన్నీ మా నడుములకు తగిలాయి. సంచీలో సకినాలు, పల్లిపొడి, మామిడి తొక్కు, బియ్యం, చిన్న కరెంటు కుక్కరు. విమానాశ్రయంలో తొక్కు సీసా మీద పెద్ద విచారణ జరిగింది. సర్కారు పడవ టికెట్ల కోసం వరసలో నిలబడి, ఆ పడవలో నేను కక్కుకుని, చివరికి ఒక బెంగాలీ కుటుంబం ఇంట్లో గది కిరాయికి తీసుకున్నాం. కుక్కరు పెట్టగానే వాళ్లింట్లో కరెంటు పోయింది. ఆ తర్వాత వాళ్లే జాలిపడి చేపల పులుసు, అన్నం పెట్టారు. నేను శాకాహారిని. పులుసు చూస్తూ తొక్కుతో తిన్నాను.

పొద్దున్నే ఆ ఒంపు దగ్గరికి పోతే సముద్రం లేదు. నిజంగానే లేదు. వీడియోల్లో నీలంగా మెరిసిన చోట మోకాలెత్తు రాళ్లు, నాచు, గుంటల్లో చిన్న చిన్న పీతలు. నీళ్లు ఎక్కడో దూరంగా తెల్లటి గీతలా ఉన్నాయి.

పటేలు నడుము మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "సేటూ, మనం వచ్చేటాళ్లకు ఎవలన్న మోటర్లు పెట్టి తోడిండ్రా ఏంది?"

ఆటుపోట్లనేవి ఉంటాయని నాకు తెలుసు. బడిలో చదివాను. కాని మాకు తెలిసిన నీళ్లు ఎండాకాలం పోయి వానాకాలం వస్తాయి. పొద్దున పోయి మధ్యాహ్నం వచ్చే నీళ్లుంటాయని, వాటికొక వేళ ఉంటుందని, అది ముందే కనుక్కుని బయల్దేరాలని ఏ వీడియోలోనూ చెప్పలేదు. చెప్పే ఉంటారు, నేనే దాన్ని జరిపేసి ఉంటాను. చెట్టు కింద రబ్బరు ట్యూబులు, జాకెట్లు కిరాయికిచ్చే ఆయన మమ్మల్ని చూసి నవ్వి, భోజనం చేసి రండి, మీ కోసం సముద్రాన్ని తెప్పిస్తాను అన్నాడు.

మధ్యాహ్నానికి సముద్రం వచ్చింది. పటేలు జాకెట్ వేసుకుని, అద్దాలు పెట్టుకుని, ముఖం నీళ్లలో పెట్టాడు. పెట్టిన వెంటనే తీశాడు. అద్దాల నిండా నీళ్లు. బిగించి మళ్లీ పెట్టాడు. మళ్లీ నీళ్లు. నాసిరకం సరుకు తెప్పించానని నన్ను నేను తిట్టుకుంటూ కిరాయి అద్దాలు తెచ్చి ఇచ్చాను. వాటిలోకీ నీళ్లే. ట్యూబులాయన వచ్చి పటేలు ముఖం పరీక్షగా చూసి, మీ అద్దాల తప్పేం లేదు, మూతి మీద మీసం దట్టంగా ఉంది, రబ్బరు అంటుకోవడం లేదు, సందులోంచి నీళ్లు వస్తున్నాయి అన్నాడు. వ్యాజిలిన్ పూయమన్నాడు. డబ్బా సగం ఖాళీ చేశాం. ఆ మీసం ముందు అది ఏ మూలకూ చాలలేదు. చూస్తుండగానే పొద్దు వాలింది, నీళ్లు మళ్లీ వెనక్కి బయల్దేరాయి.

"తీసేస్తే సరి" అన్నాడు ట్యూబులాయన, అదేదో చొక్కా అయినట్టు.

మా దగ్గర మీసం ఎప్పుడు తీస్తారో తెలియనివాళ్లు ఉండరు. తండ్రి పోతే తీస్తారు. తండ్రి బతికుండగా నున్నటి మూతితో ఊళ్లోకి వచ్చినవాణ్ని చూస్తే ముసలాయన చావు కోరుతున్నాడనే అంటారు. కుర్రకారు ఈ మధ్య పట్టించుకోవడం లేదు కాని పటేలు కుర్రవాడు కాదు. పైగా ఆయన బాపు సురంగల్‌లో మంచం మీద కూర్చుని ఇంకా పొలం పనులు పురమాయిస్తూనే ఉన్నాడు. ముక్కు కింద కొంచెం మాత్రం గీయించుకుని రెండు పక్కలా ఉంచుకోమని నేనొక ఉపాయం చెప్పాను. "జోకర్ లెక్కనా?" అన్నాడు.  మర్నాడు ఒక్కరోజే మిగిలి ఉంది. ఎల్లుండి పొద్దున మా పడవ.

గది ముందు వసారాలో కుర్చీలోంచి లేచి నిలబడి ఫోన్ చేశాడు. బాపుతో ఫోన్లో మాట్లాడినా నిలబడే మాట్లాడతాడు. ముసలాయనకు చెవుడు, అందుకని ఫోన్ గట్టిగా వినబడేట్టు పెట్టాడు.

"బాపూ, నేను."

"ఆఁ. చూసినవా సముద్రం?"

"లోపట కనవడ్తలేదు బాపూ. మీసం అడ్డమొస్తున్నది. అద్దాలల్లకు నీళ్లొస్తున్నయి."

"ఏం అడ్డమొస్తున్నది?"

"మీసం! తీసెయ్యాల్నట!"

 ముసలాయన గొంతు నిదానంగా వచ్చింది. "నేనింక సావలే కదరా."

"అందుకే అడుగుతున్న బాపూ. నువ్వు వద్దంటె వచ్చేస్త."

 పటేలు బొటనవేలు మీసం మీదనే ఆగిపోయి ఉంది.

"ఎట్లైన నేను వోయినంక తీస్తవ్. అప్పుడు నేను చూస్తనా? మీసం రాకముందు నీ మూతి ఎట్లుండెనో నాకు యాదికి లేదు. తియ్యి. తీసి జల్ది రా, చూస్త."

పటేలు కుర్చీలో కూలబడి తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.  నాకు నవ్వు రావాల్సిన చోట ఏడుపు వచ్చింది, దాన్ని దగ్గులా మార్చాను.

పొద్దున మంగలి దుకాణంలో కూర్చుని మూతి చూపించి మొత్తం తీసెయ్యమంటే ఆ మంగలి వెంటనే పాటలు ఆపేశాడు. తండ్రి పోయాడా అని హిందీలో మెల్లగా అడిగాడు. "హై హై. రాత్ కోచ్ ఫోన్ పే బాత్ కియా" అన్నాడు పటేలు. ఉన్నాడు, రాత్రే ఫోన్లో మాట్లాడాను అని. మంగలి కత్తి పట్టుకుని కొంచెం వెనక్కి జరిగాడు. పోయినవాళ్లతో ఫోన్లో మాట్లాడే మనిషనుకున్నాడేమో.

మీసం పోయాక పటేలు ముఖం చూడటానికి నాకే బెరుకుగా అనిపించింది. పై పెదవి తెల్లగా, లేతగా, ఎవరిదో అరువు తెచ్చినట్టుంది. మాటిమాటికీ బొటనవేలు అక్కడికి పోయి ఏమీ దొరక్క వెనక్కి వచ్చేది.

మధ్యాహ్నం నీళ్లు నిండాక అద్దాలు పెట్టుకుని ముఖం ముంచాడు. ఈసారి తీయలేదు. ఆయన ట్యూబుకు కట్టిన తాడు నా చేతిలో ఉంది. నడుము లోతులో నిలబడి నేను చేసిన సాహసం ఆ తాడు పట్టుకోవడమే. పటేలు బోర్లా తేలుతున్నాడు, కదలడం లేదు. ఎంతసేపటికీ కదలడం లేదు.  ముసలాయనకు ఏమని చెప్పాలి అనుకుంటూ తాడు గట్టిగా గుంజాను.

లేచాడు, మండిపడుతూ. గొట్టం తీయకుండానే తిట్టాడు, ఊఁ ఊఁ అని వినబడింది. తీసి మళ్లీ తిట్టాడు. "ఏందయ్యా! ఇప్పుడిప్పుడే ఒకడు ఇంట్లకెంచి బయటికొస్తుండె! గుంజకు!"

మళ్లీ ముంచాడు. ఇక పొద్దువాలే దాకా అంతే. మధ్యమధ్య తల ఎత్తి, రొప్పుతూ ఒకటి చెప్పి, మళ్లీ ముంచేవాడు. ఒకసారి అద్దాలు పైకి జరిపి కన్ను తుడుచుకున్నాడు. అద్దాల్లోకి నీళ్లు రాలేదు, అవి ఆయన నీళ్లే. "సేటూ, నువ్వు కూడ పెట్టు తల. జర చూస్తే ఏంబోతది?"

పెట్టుకున్నాను అద్దాలు. వంగాను. నీళ్లు గడ్డానికి తగిలాయి, చెంపలకు తగిలాయి, చెవుల దగ్గరికి రాగానే లేచి నిలబడ్డాను.

"నాకు బీపీ ఉన్నది పటేలా. ఉప్పు తగ్గించమన్నడు డాక్టర్."

అంత నవ్వు ఆయన ముఖంలో నేనెప్పుడూ చూడలేదు. ముఖం చుట్టూ అద్దాల ముద్ర, మూతి నున్నగా, కళ్లు ఎర్రగా. అప్పుడే ఒడ్డుకు వచ్చి ఆ ఫొటో తీశాను. తీసినవాణ్ని ఊరుకోవచ్చు కదా, గొప్ప కొద్దీ దాన్ని సురంగల్ వాళ్లుండే వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పటేలు మూతి చూసి ఊరు ఊరంతా ఆ ఇంటికి బయల్దేరింది. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి ముసలాయన మంచం మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడట. "ఎవలు వోయిండ్రు? నేనా? సరే, వచ్చిండ్రు కద, చాయ్ తాగి పోండ్రి" అన్నాడట. ఆ తర్వాత చాలాకాలం సురంగల్‌లో నా దుకాణం మందులు కొనడానికి జంకారు. ఇంటికి తిరిగి వచ్చిన కొడుకు మూతిని ముసలాయన రెండు చేతులతో పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూసుకున్నాడు. "మీ అమ్మ మూతే" అన్నాడు.

అసలు శిక్ష నాకు అప్పుడు మొదలైంది. పటేలు రోజూ దుకాణానికి వచ్చేవాడు. బస్తా మీద కూర్చుని "నువ్వు చూడకపోతివి కద సేటూ, చెప్త విను" అని మొదలుపెట్టేవాడు. పొలాల్లో అదును నడుస్తుంటుంది, జనం నిలబడి ఉంటారు, నేను ఒక చేత్తో విత్తనాలు తూస్తూ రెండో చెవితో చేపలు వినాలి. ముందు ఏది వస్తుంది, దాని తర్వాత ఏది వస్తుంది, ఎక్కడ ఆగి మూతి నిమురుతాడు, అన్నీ నాకు వచ్చేశాయి. ఆయన ఒక చేపను మరిచిపోతే అందించేవాణ్ని కూడా, తొందరగా అయిపోతుందని. విసుక్కున్నాను. లెక్క చూసుకోవాలని అబద్ధమాడి లోపలి గదిలోకి పోయిన రోజులున్నాయి. అప్పటికీ తలుపు దగ్గర నిలబడి మిగిలింది చెప్పేసే పోయేవాడు.

తర్వాత ముసలాయన పోయాడు. అప్పటికి పటేలు మీసం మళ్లీ పెరిగింది, మళ్లీ తీశారు. మంగలి అలవాటు కొద్దీ అద్దం ఎత్తి పట్టాడు. పటేలు దాన్ని చేత్తో తడిమి పక్కకు పెట్టాడు. మిగిలిన ఆ గొట్టం కూడా మూసుకుపోయింది.

దుకాణానికి రావడం మానేశాక నేనే ఆదివారాలు సురంగల్ పోయేవాణ్ని. చివరిసారి పోయినప్పుడు గోబీ తోట పక్కన రేకుల షెడ్డులో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నా బండి చప్పుడుకే "రా సేటూ" అన్నాడు. కాసేపు ధరల గురించి, వాన గురించి మాట్లాడుకున్నాం. తర్వాత గొంతు తగ్గించాడు, పక్కన ఎవరైనా వింటారన్నట్టు.

"సేటూ, ఒకటి అడుగుత. నవ్వద్దు. రంగులు కలిసిపోతున్నయి. కండ్లు మూసుకున్నా చీకటే, తెరిచినా చీకటే. ఆ చేపల నీలం ఎసొంటిదో ఎంత దేవులాడినా దొరుకుతలేదు. నీకు చెప్పిన కద అప్పుడు. జర చెప్పు."

బండి మీద రెండు బస్తాలున్నాయి, దింపాల్సిన చోటు వేరే ఉంది. మంచం పట్టె మీద కూర్చున్నాను.

"మైలుతుత్తం ఉంటది కదా పటేలా, మా దుకాణంల. దాన్ని తడిపితే వస్తదే, ఆ నీలం. వెనక తోక కాడ జర పసుపు. ఆ నీలం చేపలన్నీ గుంపు గుంపు. ఒక్కపారే అన్నీ అటు తిరుగుతయి, మల్ల అన్నీ ఇటు."

"ఆఁ" అన్నాడు. ముఖం కొంచెం పైకెత్తాడు.

"దాని కింద రాయి. రాయి గాదు, గోబీ పువ్వు. ఇంత పెద్దది, మూడెకరాల గోబీ ఒక్క దగ్గర వేసినట్టు. ఆకుపచ్చ చేప ఒకటి దాన్ని మేక బెరడు గీకినట్టు గీకుతది. ఆ గీకుడు చెవులకు వినొస్తది. పక్కన గడ్డి ఊగుతుంటది. అండ్ల ఆరంజి చేప, తెల్ల పట్టీలు. చిన్నది, వేలంత. గడ్డిలకు పోతది, బయటికొస్తది, నీ మీదికే తగాదకు వస్తది. నా ఇంటి కాడికి ఎందుకొచ్చినవ్ అన్నట్టు."

"గంతే, గంతే" అన్నాడు పటేలు. నవ్వుతున్నాడు. చూపు లేని కళ్లు రెండూ ఒకేచోట నిలిచి ఉన్నాయి.

నేను ఆగలేదు. వద్దన్నా నా చెవిలో పోసినవన్నీ, ఆయన చెప్పిన వరసలోనే, ఆయన ఆగిన చోట ఆగుతూ చెప్పాను. నీడ పడితే ఊదారంగు పెదవులు మూసుకునే పెద్ద చిప్పను చెప్పాను. ఇసుకలో ఇసుకలా పడుకుని కన్ను ఒక్కటే తిప్పే చేపను చెప్పాను. ఆఖరున లోతు మొదలైన చోట నీలం నల్లబడిపోయి, అక్కడినుంచి ఇక ఏమీ కనిపించకపోవడం కూడా చెప్పాను.

 అయిపోయాక చెయ్యి చాపి, తడుముకుని, నా మోకాలు మీద వేశాడు.

"మంచిగనే చూసినవ్ సేటూ నువ్వు" అన్నాడు.

"అవును పటేలా" అన్నాను.